సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటోంది, బ్యాటరీ మార్చాల్నా ఛార్జింగ్ పెట్టాల్నా? (క్లాసిక్ 350)

బుల్లెట్_కరీంనగర్:
అన్నలూ నమస్తే. నాది 2015 మోడల్ క్లాసిక్ 350, కార్బురేటర్ బండి. కొన్ని రోజుల సంది పొద్దుగాల సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ అని సప్పుడొస్తది గని ఇంజిన్ తిరగది, హెడ్‌లైట్ డిమ్ అయితది, హారన్ జలుబు చేసినట్టు మోగుతది. కిక్ కొడితే మాత్రం మంచిగ స్టార్ట్ అయితది. పొద్దంతా తిరిగినంక సాయంత్రం సెల్ఫ్ కూడా పనిచేస్తది. బ్యాటరీ 12 వోల్ట్స్ 14 ఏహెచ్ (ఆంప్ అవర్స్, అంటే ఎంత నిల్వ పడుతదో ఆ లెక్క), పైన ఆరు మూతలున్న నీళ్లు పోసే టైపు, పెట్టించి నాలుగేండ్లు దాటింది. షాపుల అడిగితే 14 స్టాక్ లేదు, 9 ఏహెచ్ పెట్టిస్త, సైడ్‌కు థర్మాకోల్ కుక్కితే కదలది, ఏం ఫరక్ పడదు అంటున్నడు. ఇంకో షాపాయన లిథియం వేస్కో మళ్ల జిందగీల చూస్కునుడు ఉండదు అంటున్నడు. మా మెకానిక్ ఏమో రోజు పొద్దున ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి వదిలెయ్, అదే ఛార్జ్ అయితది అంటున్నడు. ముగ్గురివి మూడు మాటలు. ఏం జెయ్యాల్నో సమజైతలేదు.

లడ్డూ_రైడర్:
నాలుగేళ్లు వచ్చిందంటే అదే ఎక్కువ బ్రో. మార్చేయ్, టైమ్ వేస్ట్.

మల్టీమీటర్_మామ:
తొందరెందుకు తమ్ముడూ, మార్చడం ఎప్పుడైనా మార్చొచ్చు. కొత్తది పెట్టినా నెల రోజులకి మళ్ళీ ఇదే టక్ టక్ వస్తే అప్పుడేం చేస్తావ్? ముందు ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనుక్కో, బ్యాటరీ ఖరీదులో నాలుగో వంతు కూడా ఉండదు. దాంతో మూడు రీడింగులు తియ్. రాత్రి బండి ఆపేశాక ముట్టుకోకుండా వదిలేసి పొద్దున్నే, తాళం కూడా పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినల్స్ మీద వోల్టేజ్ చూడు. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ నొక్కమని నొక్కినంతసేపూ మీటర్ ఎంతకి పడిపోతుందో చూడు. ఆ తర్వాత కిక్ కొట్టి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి, కొంచెం రేజ్ చేసి పట్టుకుని అప్పుడెంతుందో చూడు. ఈ మూడూ ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం. టెర్మినల్ బోల్టులు చేత్తో కదిపి కూడా చూడు, లూజుగా ఉన్నా, తెల్లగా పచ్చగా పూత పట్టి ఉన్నా సెల్ఫ్ అచ్చం ఇలాగే టక్కుటక్కు అంటుంది. పూత ఉంటే కేబుల్ విప్పేసి వేడి నీళ్ళలో వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో తోమెయ్, ఆరాక బిగించి పైన వాజలైన్ రాయి. సోడా నీళ్ళు మాత్రం మూతల లోపలికి పోకూడదు.

గోదారి_రాజు:
మెకానిక్ గారు చెప్పిన ఐదు నిమిషాల మాట నమ్మకండి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ ఒకటి రెండు సెకన్లే అయినా పదుల ఆంపియర్లు లాగేస్తుంది, ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది) ఇచ్చేదేమో హెడ్‌లైట్‌కీ ఇగ్నిషన్‌కీ పోగా మిగిలేది చాలా తక్కువండి. పెట్రోల్ ఖర్చు, సైలెన్సర్‌లో నీరు చేరి తుప్పు, అంతే వచ్చేది. ఓ అరగంట రోడ్డు మీద తిప్పితే అది వేరే సంగతి.

బుల్లెట్_కరీంనగర్:
మామా, రీడింగ్స్ తీసిన. పొద్దున తాళం పెట్టకముందు 12.1. సెల్ఫ్ కొడితే 8.2 దాక పడిపోయింది. స్టార్ట్ అయినంక లైట్ వేసి రేజ్ చేస్తే 14.2. టెర్మినల్స్ టైట్‌గనే ఉన్నయ్, పూత ఏం లేదు.

మల్టీమీటర్_మామ:
శభాష్. 14.2 వచ్చిందంటే నీ బండి ఛార్జింగ్ సిస్టమ్ బాగానే ఉంది, ఆల్టర్నేటర్, ఆర్ఆర్ యూనిట్ (బ్యాటరీకి పోయే వోల్టేజ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ రెక్టిఫైయర్) జోలికి పోనక్కర్లేదు. రేజ్ చేసినప్పుడు ఉజ్జాయింపుగా 13.5 నుంచి 14.8 మధ్య ఉండాలి. అదే 13 కూడా దాటకపోతే బ్యాటరీకి తిండి అందట్లేదని, 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ పోయి బ్యాటరీని ఉడకబెట్టేస్తోందని అర్థం. ఆ రెండిట్లో ఏదున్నా కొత్త బ్యాటరీ పెట్టి లాభం లేదు, దాన్నీ తినేస్తుంది. అందుకే మార్చేముందు ఈ రీడింగ్ చూడమనేది.

ఇక పొద్దున 12.1 అంటే బ్యాటరీ సగానికి పైనే ఖాళీ. నిండుగా ఉన్న నీళ్ళ బ్యాటరీ తీరుబడిగా ఉన్నప్పుడు 12.6, 12.7 చూపిస్తుంది, సీల్డ్ వీఆర్ఎల్ఏ (నీళ్ళు పోసే పని లేనిది) అయితే 12.8 పైన కూడా ఉంటుంది. 12.4కి వచ్చిందంటే ఇంక ఛార్జింగ్ పెట్టాల్సిందే. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.6 కిందకి పడకూడదు, నీది 8.2. అయితే ఖాళీ బ్యాటరీ ఎలాగూ పడిపోతుంది కాబట్టి ఇప్పుడే అది పోయిందని తేల్చలేం. ముందు బయట ఛార్జర్ మీద పూర్తిగా ఛార్జ్ చేసి, ఒక రాత్రి వదిలేసి మళ్ళీ చూడాలి.

లడ్డూ_రైడర్:
ఇంత సైన్స్ ఉందా దీంట్లో 😀

కడపోడు_కువైట్:
అన్నా మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు, నా కత కూడా ఇదే. నేను కువైట్‌లో ఉంటాను, బండి కడపలో ఇంటికాడ ఉండాది. బీఎస్6 స్ప్లెండర్, 3 ఏహెచ్ బ్యాటరీ. దొంగల భయానికి జీపీఎస్ ట్రాకర్ పెట్టించినా. ఇంట్లో ఎవురూ పెద్దగా నడపరు. వారం నిలబెడితే చాలు బ్యాటరీ డౌన్. షాపులో కొత్తది వేసినారు, అదీ అంతే. బ్యాటరీ కంపెనీ మార్చాలనా?

మల్టీమీటర్_మామ:
కంపెనీ ఏం చేస్తుంది కడప తమ్ముడూ, నీ ట్రాకరే తాగేస్తోంది. లెక్క చూడు. ట్రాకర్ 20 మిల్లీ ఆంప్స్ లాగుతోందనుకో, 3 ఏహెచ్ అంటే 3000 మిల్లీ ఆంప్ అవర్స్, భాగిస్తే 150 గంటలు. అంటే ఆరు రోజుల చిల్లరకి మొత్తం ఖాళీ. సెల్ఫ్ తిరగడం అంతకన్నా చాలా ముందే ఆగిపోతుంది. నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ఫుల్ ఛార్జ్ చేయించి నెగటివ్ కేబుల్ విప్పించి పెట్టు. ట్రాకర్ కావాల్సిందే అంటే ఇంట్లో ఒక చిన్న ఆటోమేటిక్ ఛార్జర్ పెట్టించు. సీసం బ్యాటరీ ఖాళీగా పడుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తి శక్తి రాదు. కొత్తదైనా అంతే, ఒకటి రెండుసార్లు అడుగంటా ఖాళీ అయ్యి అలాగే నెలంతా ఉంటే చాలు.

కడపోడు_కువైట్:
ఓర్నీ. ఆరు రోజులా! మా తమ్మునికి చెప్తా ఇప్పుడే.

హైవే_హరి:
ఛార్జర్ అంటే గుర్తొచ్చింది, నా దగ్గర వైఫై రౌటర్ అడాప్టర్ ఉంది, 12 వోల్ట్ 1 ఆంప్. దాంతో ఛార్జ్ అవ్వదా?

గోదారి_రాజు:
అవ్వదండి. 12.6 ఉండాల్సిన బ్యాటరీని 12 వోల్ట్‌తో ఎలా నింపుతారు, నీరు పల్లానికి పోతుంది గానీ మెరకకి పోదు కదండీ. కనీసం 14 పైన ఇవ్వాలి. రివర్స్‌లో అడాప్టర్ కూడా పోవచ్చు.

సూరి_ఆటో_ఎలక్ట్రిషియన్:
నేను రాజమండ్రి పక్కన ముప్పై ఏళ్ళ పైచిలుకు ఇదే పని చేశానండి, ఇప్పుడు షాపు మా అబ్బాయి చూస్తున్నాడు. ఛార్జింగ్ గురించి నాలుగు ముక్కలు చెప్తాను, విసుక్కోకండి.

బైక్ బ్యాటరీకి ఎంత ఆంప్స్ పెట్టాలి అంటే దాని ఏహెచ్‌లో పదో వంతు. 14 ఏహెచ్‌కి 1.4, 5 ఏహెచ్‌కి అర ఆంప్, 3 ఏహెచ్‌కి 0.3. పూర్తిగా దిగిపోయిన దాన్ని అలా పది పన్నెండు గంటలు నిదానంగా పెట్టాలి. ఇప్పుడు షాపుల్లో ఏం జరుగుతుందో చెప్తాను వినండి. ఒక పెద్ద రెక్టిఫైయర్ (ఛార్జింగ్ మిషన్) ఉంటుంది, దానికి వచ్చిన బ్యాటరీలన్నీ వరస కట్టేస్తారు, దీని ప్లస్ దాని మైనస్‌కి, దాని ప్లస్ ఇంకోదానికి, అలా సిరీస్‌లో. కారువి, ఆటోవి, ట్రాక్టర్‌వి, మధ్యలో మీ స్కూటీది. సిరీస్ అంటే అన్నిట్లోంచీ ఒకటే కరెంటు పోతుంది. ట్రాక్టర్ బ్యాటరీ కోసం 5 ఆంప్స్ పెట్టారనుకోండి, మీ 3 ఏహెచ్ దాంట్లోకీ అదే 5 ఆంప్స్. సాయంత్రం వెళ్ళి తెచ్చుకునేసరికి చెయ్యి పెడితే కాలిపోతుంటుంది, పక్కలు ఉబ్బుతాయి. సీల్డ్‌ది అయితే లోపల నీరు ఆవిరైపోయినా మళ్ళీ పోయడానికి మూతే లేదు. అందుకని షాపుకిచ్చేటప్పుడు బైక్‌వి మాత్రమే ఉన్న లైన్లో పెట్టండి, 14 ఏహెచ్‌ది అయితే ఒకటిన్నర ఆంప్ దాటనివ్వకండి, చిన్నదైతే దాని పదో వంతే పెట్టండి అని నోరు తెరిచి అడగాలి. విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి.

ఇంట్లో పెట్టుకునేవాళ్ళు మూడు దశల ఆటోమేటిక్ ఛార్జర్ కొనుక్కోండి, ముందు కరెంటు పట్టి ఇస్తుంది, 14.4 దగ్గరకొచ్చాక వోల్టేజ్ పట్టి ఉంచి కరెంటు తగ్గించుకుంటూ పోతుంది, నిండాక 13.5 అలా పట్టి కాపాడుతుంది. బ్యాటరీని బండిలోంచి తీసి పెట్టడం మేలు. తీసేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. ఎందుకంటే ప్లస్ విప్పుతుండగా స్పానర్ వెళ్ళి ఛాసిస్‌కి తగిలితే మైనస్ ఇంకా బిగించే ఉంటుంది కాబట్టి భగ్గుమంటుంది. నీళ్ళ బ్యాటరీకి మూతలు వదులు చేసి, గాలి ఆడేచోట పెట్టండి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ సిగరెట్టు, గ్యాస్ స్టవ్ ఉండకూడదు. దేవుడి గదిలో దీపం పక్కన ఛార్జింగ్ పెట్టిన మహానుభావుణ్ణి చూశాను నేను. క్లిప్పులు పెట్టేశాకే స్విచ్ వెయ్యాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తియ్యాలి.

ఇక మీది ఆరు మూతల బ్యాటరీ అంటున్నారు, అదృష్టం, లోపల ఏముందో చూడొచ్చు. ఛార్జింగ్ అయ్యాక హైడ్రోమీటర్ పెట్టి ఆరు గదుల్లోనూ గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) విడివిడిగా చూడమనండి. అన్నీ దగ్గరదగ్గరగా 1.240, 1.260 అలా వస్తే బ్యాటరీకి ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. ఒక్క గది 50 పాయింట్లు (అంటే 0.050) పైన వెనకబడితే ఆ సెల్ పోయినట్టు, దాన్ని లేపే మందు లేదు. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే, పై గీత దాటకుండా. కొంతమంది పవర్ పెరుగుతుందని యాసిడ్ పోస్తారు, ప్లేట్లు తినేస్తుంది. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు అసలు వద్దు.

బుల్లెట్_కరీంనగర్:
సూరి సార్, దండం మీకు. ఇట్ల చెప్పేటోళ్లు మా దగ్గర లేరు. రేపు తీసుకపోయి ఒకటిన్నర ఆంప్ మీద పెట్టిస్త.

పాత_జావా:
ఇంకో మాట. మా లాంటి పాత జావా, ఎజ్డీ, రాజ్‌దూత్ వాళ్ళది 6 వోల్ట్ సిస్టమ్. ఛార్జర్ మీద 6 - 12 స్విచ్ ఉంటే చూసి పెట్టండి, షాపులో కూడా 6 వోల్ట్ అని చాక్‌పీస్‌తో బ్యాటరీ మీద రాసి ఇవ్వండి.

హైవే_హరి:
9 ఏహెచ్ సంగతి ఎవరూ చెప్పలేదు. అది పెడితే ఏమవుతుంది అసలు? హిమాలయన్ 411కి ఫ్యాక్టరీ నుంచే 8 ఏహెచ్ కదా వచ్చేది, అదీ 400 సీసీ దాటిన ఇంజినే.

మల్టీమీటర్_మామ:
మంచి ప్రశ్న హరీ. ఏహెచ్ అంటే ట్యాంక్‌లో ఎంతుందో చెప్తుంది, సెల్ఫ్ తిప్పడానికి ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదో అది చెప్పదు. ఆ రెండోది సీసీఏ, కొన్ని బ్యాటరీల లేబుల్ మీద రాస్తారు. హిమాలయన్‌కి వచ్చేది వీఆర్ఎల్ఏ, సైజు చిన్నదైనా గట్టిగా కరెంటు ఇస్తుంది, బండిని కూడా దానికి తగ్గట్టే డిజైన్ చేశారు. ఇతని బండికి అడ్డదిడ్డంగా ఏదో 9 ఏహెచ్ పెడితే కొత్తలో తిరుగుతుంది, కానీ చలికాలం పొద్దున ఒకటికి రెండుసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే దానికి నిల్వ ఉండదు. పైగా ట్రేలో థర్మాకోల్ కుక్కిన బ్యాటరీ బుల్లెట్ వైబ్రేషన్‌కి ఊగి ఊగి లోపల ప్లేట్ల మసి రాలి అడుగున చేరి సెల్ షార్ట్ అవుతుంది. పెద్దది పెడితే నష్టం లేదు గానీ ట్రేలో పట్టాలి కదా. బండి మాన్యువల్లో ఏముందో అదే కొను. ఎక్సైడ్‌లో అయితే 12ఎక్స్ఎల్14ఎల్-ఏ2 అని అడుగు, అమరాన్‌లో కూడా ఈ బండికి సరిపోయే 14 ఉంటుంది, మోడల్ చెప్తే ఇస్తారు.

కొనేటప్పుడు టెర్మినల్ ఏ వైపుందో కూడా పాతదాని పక్కన పెట్టి చూడు. కోడ్‌లో ఒక్క ఎల్ అక్షరం ఉన్నదానికీ లేనిదానికీ ప్లస్ కుడి ఎడమలు మారిపోతాయి. బలవంతంగా కేబుల్ లాగి తిప్పి బిగిస్తే ఫ్యూజ్ పోతే అదృష్టవంతుడివి, ఆర్ఆర్ యూనిట్ పోతే బ్యాటరీ కన్నా ఎక్కువ బిల్లు.

తిరుపతి_బైకర్:
అమరాన్ మా ఊరి పక్కన కరకంబాడిలోనే తయారయ్యేది సామీ 😎 ఊరు పేరు చెప్పుకోడానికి కాదుగానీ, ఏ కంపెనీదైనా తయారైన తేదీ చూసి తీసుకో. షాపులో ఎండకి నెలల తరబడి పడున్నది కొత్త రేటుకే అంటగడతారు. వేడి ఎంత ఎక్కువుంటే బ్యాటరీ ఊరికే కూర్చుని అంత తొందరగా దిగిపోతుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో ఉన్న బ్యాటరీ గతి ఏమయ్యుంటుందో ఆలోచించు. కొనేముందు మీటర్ పెట్టించు, 12.5 కన్నా తక్కువుంటే ఇంకోటి తియ్యమను.

లడ్డూ_రైడర్:
మరి లిథియం?

తిరుపతి_బైకర్:
బరువు తక్కువ, సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, నిజమే. కానీ చాలా వాటి మీద "12 ఏహెచ్ సమానం" అని పెద్దగా రాసి అసలు కెపాసిటీ చిన్న అక్షరాల్లో నాలుగో ఐదో రాస్తారు. లైట్లు వేసి మర్చిపోతే సీసందాని కన్నా ముందే ఖాళీ. పాత బండి ఆర్ఆర్ యూనిట్ 14.6 దాటిస్తే లిథియంకి పడదు. ఛార్జర్ కూడా వేరే కావాలి, సల్ఫేట్ తీసే రిపేర్ మోడ్ ఉన్న ఛార్జర్ పొరపాటున కూడా పెట్టకూడదు. రేస్ ట్రాక్ వాళ్ళకి సరే, కరీంనగర్‌లో ఆఫీసుకు పోడానికి అంత డబ్బు ఎందుకు?

బుల్లెట్_కరీంనగర్:
అప్డేట్. రాత్రంతా ఒకటిన్నర ఆంప్ మీద పెట్టిండు, తెల్లారి హైడ్రోమీటర్ పెట్టి నా ముంగటనే చూపించిండు. గాజు గొట్టంల చిన్న బుడగ లెక్క తేలుతది, యాసిడ్ చిక్కగుంటే పైకొస్తది. ఐదు గదులల్ల 1.240 అటిటు. ప్లస్ పక్క నుంచి మూడో దాంట్ల 1.150, అది లేస్తనే లేదు, నీళ్లు కూడ బూడిద రంగుల ఉన్నయ్. ఇంటికి తెచ్చి ఒక రాత్రి వదిలేసి చూస్తే 12.2, సెల్ఫ్ కొడితే మళ్ల 8.5.

సూరి_ఆటో_ఎలక్ట్రిషియన్:
ఇంకేం చూడక్కర్లేదు బాబూ, ఆ సెల్ పోయింది. బూడిద రంగు అంటే ప్లేట్ల మసి రాలిపోతోంది. ఇప్పుడు నిశ్చింతగా మార్చుకోండి, 14 ఏహెచ్‌దే. పాతది ఊరికే ఇవ్వకండి, బరువు సీసం ఉంది, ఎక్స్ఛేంజ్‌లో తగ్గించి బిల్లు వేయించుకోండి. చెత్తలో పడెయ్యడానికి వీల్లేదు, 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం రీసైక్లింగ్‌కే పోవాలి.

ఒకటి జాగ్రత్త. యాసిడ్ పోసి ఇచ్చే డ్రై బ్యాటరీ కొంటే, పోసిన వెంటనే తెచ్చి బిగించెయ్యకండి. యాసిడ్ పోశాక అరగంట పైన నానాలి, ప్లేట్లు పీల్చుకుంటాయి, లెవెల్ దిగితే యాసిడ్‌తోనే సరిచెయ్యాలి, ఆ ఒక్కసారే. ఆ తర్వాత నిదానంగా మొదటి ఛార్జింగ్ పూర్తిగా పెట్టాలి. ఇది చెయ్యకుండా కౌంటర్ మీద పోసి పది నిమిషాల్లో చేతిలో పెట్టేస్తారు చాలా చోట్ల, సెల్ఫ్ తిరుగుతుంది కాబట్టి మనకి తెలీదు. ముప్పావు వంతు నిండిన బ్యాటరీ జీవితాంతం ముప్పావు వంతు లాగే బతుకుతుంది. బ్రీదర్ పైపు (బ్యాటరీ ఆవిరి బయటికి పోయే సన్న గొట్టం) నలగకుండా చైన్‌కి దూరంగా కిందికి వదలండి, లేకపోతే యాసిడ్ ఆవిరికి ఛాసిస్ పెయింట్ లేచిపోతుంది. ఫ్యాక్టరీలోనే నింపి సీల్ చేసినదైతే ఈ గొడవ లేదు.

లడ్డూ_రైడర్:
వారంటీ కార్డ్ మీద డేట్, స్టాంప్ వేయించుకో బ్రో. ఫ్రీగా మార్చే కాలం వేరు, ఆ తర్వాత డిస్కౌంట్ మాత్రమే ఇచ్చే కాలం వేరు, రెండూ కలిపి పెద్దగా రాస్తారు డబ్బా మీద.

మల్టీమీటర్_మామ:
లడ్డూ మొదటిసారి పనికొచ్చే మాట చెప్పాడు.

బుల్లెట్_కరీంనగర్:
కొత్త 14 ఏహెచ్ పెట్టించిన, వేరే షాపుల. మొదటి ఛార్జింగ్ అయ్యేదాక తెల్లారి రమ్మన్నడు, ఆగిన. రీడింగ్స్: పొద్దున 12.7, సెల్ఫ్ కొడితే 10.8, రేజ్ చేస్తే 14.2. ఒక్క దెబ్బకు స్టార్ట్. ఒక డౌట్ మిగిలింది, నాకు హ్యాండిల్ మీద యూఎస్బీ ఛార్జర్ డైరెక్ట్ బ్యాటరీకి కలిపి ఉంది, బండి ఆఫ్‌ల ఉన్నా నీలం లైట్ వెలుగుతది. కడప తమ్మునిది చూసినంక భయమైతుంది.

మల్టీమీటర్_మామ:
కొలుచుకో, రెండు నిమిషాల పని. తాళం తీసేసి మైనస్ కేబుల్ విప్పు, మీటర్‌ని 10 ఆంప్ రేంజ్‌లో పెట్టి ఎర్ర వైర్ ఆ సాకెట్లోకే మార్చి, కేబుల్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య పెట్టు. తక్కువే ఉందని తేలాకే మిల్లీ ఆంప్ రేంజ్‌కి రా. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం ముట్టుకోకు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. నీది కార్బురేటర్ బండి కాబట్టి ఒకటి రెండు మిల్లీ ఆంప్స్ కూడా రాకూడదు అసలు.

బుల్లెట్_కరీంనగర్:
15 మిల్లీ ఆంప్స్. యూఎస్బీ విప్పితే సున్న.

గోదారి_రాజు:
14 ఏహెచ్‌కి 15 మిల్లీ ఆంప్స్ అంటే నెల పైన పడుతుంది ఖాళీ అవ్వడానికి, రోజూ నడిపే బండికి ఇబ్బంది లేదండి. ఊరెళ్ళి బండి వదిలేస్తేనే బాధ. ఇగ్నిషన్ లైన్‌కి మార్పించేసుకోండి, మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి.

కడపోడు_కువైట్:
మా తమ్ముడు నెగటివ్ వైర్ విప్పి పెట్టినాడు. రెండు వారాల తర్వాత బిగించి కొట్టినాడంట, సెల్ఫ్‌లోనే స్టార్ట్. ట్రాకర్‌కి ఇంట్లో కుక్క ఉండాది, చాల్లే. కరీంనగర్ అన్నా, మొదటి ఛార్జింగ్ సరిగ్గా చేసిన ఆ షాపు ఎక్కడ, మా బావ అక్కడే చొప్పదండిలో పనిచేస్తాడు.

బుల్లెట్_కరీంనగర్:
పర్సనల్ మెసేజ్ పెట్టిన చూడు.